ఒక దేశపు ఒక ఏడాదిని తేదీల వారీగా రాసుకోవడం ఎలా: నా 1969 పుస్తకం

మా నాన్న ఖమ్మంలో తపాలా గుమాస్తాగా పనిచేశారు. ఆయన పోయిన తర్వాత ట్రంకుపెట్టెలో జమాఖర్చుల పుస్తకాలు దొరికాయి, ఏడాదికి ఒకటి చొప్పున. 1969 పుస్తకంలో జూలై 20, ఆదివారం పేజీలో కూరలు, కిరసనాయిలు, చాకలి పద్దుల కింద ఒక ముక్క ఉంది: "బ్యాంకులు సర్కారువి అయినవి." మర్నాడు సోమవారం పద్దుల కింద ఇంకో ముక్క: "చంద్రుని మీద మనిషి దిగినాడు. రేడియో." అంతే. ఆ కిందనే మళ్లీ పాల లెక్క.

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఆ రెండు సంగతులూ పిల్లలకు చెప్పాను, కానీ ఒకటి ఆర్థిక శాస్త్రం పాఠంలో, ఒకటి సైన్స్ దినోత్సవం నాడు. రెండూ పక్కపక్క రోజుల్లో, ఒకే ఇంటి రేడియోలో వినిపించాయని నాకెప్పుడూ తట్టలేదు. అప్పుడే అనుకున్నాను, ఈ ఏడాదిని మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నేనే రాసుకోవాలని. పద్నాలుగు నెలలు పట్టింది. మీరూ మొదలుపెడతారనే ఆశతో ఆ పద్ధతి మొత్తం ఇక్కడ చెబుతున్నాను.

ఏ ఏడాది తీసుకోవాలి

1947 వద్దు, 1975 కూడా వద్దు. వాటి మీద ఇప్పటికే బోలెడన్ని తీర్పులు వచ్చేశాయి. మీరు తేదీలు వెతుకుతుంటే ఆ తీర్పులే ముందు చేతికి తగులుతాయి. ఒకే పెద్ద సంఘటన మింగేయని ఏడాదిని తీసుకోండి. రెండో షరతు ఇంకా ముఖ్యం: ఆ ఏడాదికి కనీసం పదిహేనేళ్లు వచ్చిన మనిషి ఒక్కరైనా ఇప్పుడు మీ ఇంట్లోనో, వీధిలోనో ఉండాలి. నాకు అమ్మ ఉంది. అప్పుడు నాకు ఏడేళ్లు, అమ్మకు ఇరవై నాలుగు.

ఏడాది అంటే ఏ ఏడాది అనేది కూడా మొదటే తేల్చుకోండి. మార్చి ఉగాది వరకు కీలక నామ సంవత్సరం, అక్కడి నుంచి సౌమ్య. ప్రభుత్వ లెక్కలకు ఏప్రిల్ 1 నుంచి కొత్త ఏడాది. మా బడికి జూన్. నేను జనవరి నుంచి డిసెంబర్ తీసుకుని, మిగతా మూడింటి మొదటి రోజులకూ పేజీ పైన ఎర్ర గీత గీశాను. ఈ గీతలు తర్వాత పనికొస్తాయి. "ఉగాది పోయిన నెలకి" అని అమ్మ చెప్పినప్పుడు ఎక్కడ వెతకాలో నాకు వెంటనే తెలిసింది.

పుస్తకం తయారీ

ఆరు నెలలకు ఒకటి చొప్పున రెండు లాంగ్ నోటు పుస్తకాలు కొనండి. రోజుకు ఒక పేజీ. పేజీ మధ్యలో నిలువు గీత. ఎడమ వైపు దేశం, కుడి వైపు ఊరూ ఇల్లూ. అడుగున నాలుగు గీతలు వదిలి, అక్కడ "ఇంకా తేలనిది" అని రాసుకోండి. రెండో పుస్తకం చివర ఇరవై పేజీలు ఖాళీగా ఉంచండి.

ముందు వారాలు వేయండి. 1969 జనవరి 1 బుధవారం, లీపు సంవత్సరం కాదు. కాబట్టి 2025 క్యాలెండర్ ఆ ఏడాదికి తేదీ తేదీకి సరిపోతుంది. నేను అదే గోడకు తగిలించుకున్నాను. పండగలు మాత్రం దాంట్లో చూడకండి, తిథులు కలవవు. మీ ఏడాదికీ ఇలాంటి జత ఒకటి ఉంటుంది, వెతకండి. వారం తెలిస్తే చాలా తప్పులు వాటంతటవే బయటపడతాయి. "ఆ రోజు ఆఫీసుకెళ్తే..." అని ఎవరైనా చెప్పిన తేదీ ఆదివారమైతే ఆ జ్ఞాపకాన్ని ఇంకోసారి అడగాలి.

తర్వాత గట్టిగా తెలిసిన తేదీలు మాత్రం ఎక్కించండి. నావి ఇలా మొదలయ్యాయి: జనవరి 14, మద్రాసు రాష్ట్రం పేరు తమిళనాడు అయింది. ఫిబ్రవరి 3, ఆ పేరు కోసం పట్టుబట్టిన ముఖ్యమంత్రి అన్నాదురై పోయారు. ఫిబ్రవరి 28, ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ బడ్జెట్. మార్చి 1, ఢిల్లీ నుంచి హౌరాకు మొదటి రాజధాని ఎక్స్‌ప్రెస్. ఆగస్టు 15, ఇస్రో పుట్టుక. అక్టోబర్ 2, గాంధీ శతజయంతి. ఇది అస్థిపంజరం మాత్రమే. దీన్ని చూసి ఏడాది అర్థమైపోయిందని అనుకోకండి.

ముందుకే చదవాలి

ఈ పనికి ప్రాణం ఇక్కడే ఉంది. నేను మొదట ఇక్కడే తప్పు చేశాను. మొదటి రెండు నెలలు జూలై పేజీల్లో "ఇందిరాగాంధీ తిరుగులేని నాయకురాలు అయ్యే దారి ఇక్కడ మొదలైంది" లాంటి వాక్యాలు రాశాను. అవి 1971 ఎన్నికల గెలుపూ, 1975 ఎమర్జెన్సీ తెలిసిన మనిషి రాసిన వాక్యాలు. 1969 జూలైలో ఖమ్మంలో పాల లెక్క రాసుకుంటున్న మా నాన్నకు అవేవీ తెలియవు. ఆ మాటకొస్తే ఇందిరాగాంధీకే తెలియదు. ఆ పేజీలన్నీ చింపేసి మళ్లీ రాశాను.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ఒక తేదీ పేజీ రాస్తున్నప్పుడు ఆ తేదీ తర్వాతి సంగతి ఒక్కటి కూడా ఆ పేజీలోకి రాకూడదు. అడుగున ఉన్న నాలుగు గీతలు అందుకే. ఆ రోజు జనం మనసులో ఏ ప్రశ్న ఉందో అక్కడ రాయాలి, జవాబు రాయకూడదు.

ఇలా చదివితే ఏం కనిపిస్తుందో మే నెల పేజీలతో చెబుతాను. మే 1న హైదరాబాద్‌లో ప్రత్యేక తెలంగాణ కోసం చార్మినార్ నుంచి రాజ్‌భవన్‌కు ఊరేగింపు, కాల్పులు. రెండు రోజులకే, మే 3 శనివారం, ఢిల్లీలో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. అలా పోయిన మొదటి రాష్ట్రపతి ఆయనే. ఆయన పుట్టింది హైదరాబాద్‌లోనే. పాఠ్యపుస్తకంలో ఈ రెండు సంగతులూ ఎప్పుడూ ఒక చోటికి రావు. నా పుస్తకంలో ఒక్క పేజీ దూరంలో ఉన్నాయి. కాల్పుల వార్త ఇంకా చల్లారని ఊళ్లో జెండా సగానికి దించిన ఆ వారం ఎలా గడిచి ఉంటుందో నాకు మొదటిసారి ఊహకు అందింది.

అదే రోజు ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఆ పేజీ అడుగున నేను రాసిన ప్రశ్న: ఇప్పుడు ఈయనకూ ఏమైనా అయితే? రాజ్యాంగం ఆ పని పార్లమెంటుకు వదిలింది, అప్పటికి చట్టం లేదు. ఆ నెలలోనే చట్టం చేశారు. రెండు పదవులూ ఖాళీ అయితే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆ బాధ్యత చూస్తారని. మే నెలలో ఇది గెజిట్‌లో ఒక పొడి కాగితం. రెండు నెలలు తిరగకుండానే గిరి గారు రాష్ట్రపతి పదవికి స్వతంత్రంగా నిలబడాలని జూలై 20న రాజీనామా చేశారు. ఆ పొడి కాగితం ప్రకారమే ప్రధాన న్యాయమూర్తి ఎం. హిదయతుల్లా రాష్ట్రపతి కుర్చీలో కూర్చున్నారు. జూలై 31న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఢిల్లీ వచ్చినప్పుడు మన దేశానికి రాష్ట్రపతిగా ఉన్నది ఆయనే. వెనక నుంచి చదివితే ఇదంతా ఒక క్విజ్ ప్రశ్న. ముందు నుంచి చదివితే మే నెలలో వేసిన ఒక కుట్టు జూలైలో బట్టను కాపాడింది.

ఇలాంటి తీగలు పట్టుకోవడానికి రంగు పెన్సిళ్లు వాడండి. ఒక్కో తీగకు ఒక్కో రంగు, పేజీ మూలలో చిన్న చుక్క. బ్యాంకుల తీగకు నాది ఆకుపచ్చ. జూలై రెండో వారంలో బెంగళూరు కాంగ్రెస్ సమావేశాలకు బ్యాంకుల సంగతి కూడా ఎత్తుతూ ఇందిర పంపిన నోట్ దగ్గర ఒక చుక్క, జూలై 16న మొరార్జీ నుంచి ఆర్థిక శాఖ తీసేసిన దగ్గర ఒకటి, 19 శనివారం యాభై కోట్లకు మించి డిపాజిట్లున్న 14 బ్యాంకులను జాతీయం చేసిన ఆర్డినెన్సు (పార్లమెంటు జరగనప్పుడు రాష్ట్రపతి సంతకంతో వచ్చే చట్టం) దగ్గర ఒకటి. దాని మీద సంతకం చేసింది గిరి. మర్నాడే ఆయన రాజీనామా. అక్కడ నా ఆకుపచ్చ చుక్కా, రాష్ట్రపతి తీగ నీలం చుక్కా పక్కపక్కన పడ్డాయి. సోమవారం నుంచి పార్లమెంటు సమావేశాలు. శనివారం రాత్రి అంత తొందర ఎందుకో ఆ రెండు చుక్కలు చూస్తే తెలిసిపోతుంది.

పేపర్లు చదివేటప్పుడు

ఈనాడు కోసం వెతకకండి, అది 1974లో వచ్చింది. ఆ ఏడాదికి ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, విశాలాంధ్ర ఉన్నాయి. పెద్ద గ్రంథాలయాల్లో బైండు చేసిన సంపుటాలు ఉంటాయి. పాత తెలుగు పత్రికలు చాలావరకు స్కాన్ అయి ఉన్నాయి, అవి దొరికితే ఇంటి నుంచే చదవొచ్చు. లోక్‌సభ చర్చలు, బడ్జెట్ ప్రసంగాలు కూడా ఆన్‌లైన్‌లో పూర్తిగా దొరుకుతాయి. పేపర్ వార్త కంటే బడ్జెట్ ప్రసంగం చదవడమే నాకు ఎక్కువ ఉపయోగపడింది. ఆ ఏడాది ఎరువుల మీద సుంకం వేశారు. అది చదివాకే మా పెదనాన్న పొలం మాటల్లో "ఆ మొరార్జీ పన్ను" అని ఎందుకనేవారో నాకు అర్థమైంది.

పేపర్ మీది తేదీ సంఘటన తేదీ కాదు. 20వ తేదీ పేపర్‌లో ఉండేది 19 నాటి సంగతి. దూరపు ఊళ్లకు వెళ్లే కాపీ ఇంకా ముందే అచ్చవుతుంది కాబట్టి రాత్రి పొద్దుపోయాక జరిగింది అందులో ఉండదు. వార్త మొదట్లో ఊరి పేరు పక్కన ఉన్న తేదీ చూడండి. విదేశీ సంగతికి గంట కూడా చూడాలి. చంద్రుడి మీద వాహనం దిగింది జూలై 20 అని అందరం చదువుకున్నాం. మన గడియారంలో అప్పుడు 21 తెల్లవారుజామున రెండు గంటలు కావస్తోంది. ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టింది మనకు సోమవారం ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో. నాన్న సోమవారం కింద రాయడమే సరైనది. నేను మొదట ఆయనదే పొరపాటు అనుకుని పెన్సిల్‌తో దిద్దాను, తర్వాత ఆ దిద్దుబాటు చెరిపేశాను. టీవీ అప్పటికి ఢిల్లీకే ఉంది. మిగతా దేశమంతా రేడియోలో విన్నదే.

ఇంకో పని చేయండి. ఒక వార్తకు మొదటి పేజీలో ఎన్ని కాలమ్‌లు ఇచ్చారో, ఏ మూల వేశారో రాసుకోండి. ఇప్పుడు మనకు పెద్దదిగా తోచేది ఆ రోజు ఎంత చోటు పట్టిందో, ఆ రోజు ఊరంతా మాట్లాడుకున్నది ఇప్పుడు ఎలా మరుగున పడిందో అప్పుడే తెలుస్తుంది. దర్శన్ సింగ్ ఫేరూమాన్ పేరు ఎంతమందికి గుర్తుంది? చండీగఢ్‌ను పంజాబ్‌కు ఇవ్వాలని ఆగస్టు 15న నిరాహార దీక్ష మొదలుపెట్టి, 74 రోజులు చేసి అక్టోబర్ 27న ప్రాణం వదిలారు. పొట్టి శ్రీరాములు గారిని ఎరిగిన మనకే ఆయన తెలియకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. ఆ పేజీల్లో రోజు సంఖ్య రాస్తూ వచ్చాను: 40వ రోజు, 50వ రోజు. గాంధీ శతజయంతి ఉత్సవాలు జరుగుతున్న అక్టోబర్ 2 నాటికి ఆయనది 49వ రోజు. తేదీల వారీగా రాయకపోతే ఈ రెండూ ఒక పేజీలోకి రావు.

అప్పటి పేర్లే రాయండి. కర్ణాటక కాదు, మైసూరు రాష్ట్రం. మా జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. నేను వెళ్లిన ఒక గ్రంథాలయంలో ఆ మే నెల సంపుటంలో కొన్ని పేజీలు బ్లేడుతో కోసి ఉన్నాయి. అలా జరిగితే ఆ వారానికి ఒకే పేపర్ మీద ఆధారపడకండి, ఇంకో ఊళ్లో ఇంకో పేపర్ చూడండి. దొరికేదాకా పేజీ ఖాళీగానే ఉంచండి.

అంకెలు

ప్రతి అంకె పక్కన ఎవరు చెప్పారో రాయాలి. 1969 తెలంగాణ ఉద్యమంలో చనిపోయినవారు 369 మంది అని ఉద్యమకారులు చెబుతారు. ప్రభుత్వం చెప్పింది అంతకంటే చాలా తక్కువ. రెండిటినీ కలిపి మధ్యలో ఒక అంకె తయారు చేయకండి. ఎవరి అంకె వాళ్ల పేరు మీదే ఉండనివ్వండి. హైదరాబాద్‌లో అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్కులో ఆ ఉద్యమంలో పోయినవారి స్తూపం ఉంది. ఈ పేజీలు రాసేముందు ఒకసారి అక్కడికి వెళ్లి నిలబడి వచ్చాను. ఆ తర్వాత "కొందరు విద్యార్థులు" అని రాయడానికి నా చేయి రాలేదు.

జనాభా లాంటివి ఆ ఏడాదికి లెక్కపెట్టి ఉండరు. జనగణన 1961లో, 1971లో జరిగింది: సుమారు 44 కోట్లు, 55 కోట్లు. ఆ రెండూ రాసి ఊరుకోండి.

కొన్ని అంకెలు మాత్రం కూర్చుని లెక్కవేస్తే కథ చెబుతాయి. ఆగస్టు 16న రాష్ట్రపతి ఎన్నిక, 20న లెక్కింపు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, పోటీలో గిరి, మూడో వ్యక్తి సి.డి. దేశ్‌ముఖ్. ఇద్దరు తెలుగువాళ్ల మధ్య దేశం ఊపిరి బిగబట్టిన ఎన్నిక అది. పార్టీ చెప్పినట్టు కాదు, మనసు చెప్పినట్టు ఓటేయమని ఇందిర పక్షం అన్న "అంతరాత్మ ప్రబోధం" అనే మాట మన ఇళ్లలోకి వచ్చింది అప్పుడే. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. గెలవడానికి కావలసింది 4,18,169. గిరికి చాలలేదు. దేశ్‌ముఖ్‌కు వచ్చిన ఓట్లలో రెండో ప్రాధాన్యాలు కలిపాక గిరి 4,20,077, రెడ్డి 4,05,427. దాదాపు 88 వేల ఆధిక్యం 14,650కి పడిపోయింది. ఈ తీసివేత మీరే కాగితం మీద చేయండి. "గిరి గెలిచారు" అనే రెండు మాటల్లో లేని టెన్షన్ ఆ తీసివేతలో ఉంది. ఇవి మనుషుల సంఖ్య కాదు, ఎంపీలు, ఎమ్మెల్యేలు వేసిన ఓట్ల విలువ అని పక్కన రాసుకోవడం మరవకండి.

పెద్దవాళ్లను అడగడం

"1969లో ఏం జరిగింది?" అని అడగొద్దు. ఎవరికీ ఏడాది గుర్తుండదు. వాళ్ల జీవితంలో ఆ ఏడాదికి ఆనుకుని ఉన్న దాన్ని ముందు పట్టుకోండి: పెళ్లి, పురుడు, ఇల్లు మారడం, ఉద్యోగంలో బదిలీ. అక్కడి నుంచి అడగండి.

"అమ్మా, తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు మా బడి ఎందుకు మూసేశారు?" అని అడిగాను.

"గొడవలాయె కదమ్మా. పాల్వంచ కరెంటు ఆఫీసు కాడ మొదలైంది. నిన్నూ చెల్లెల్నీ తీసుకుని అమ్మమ్మ ఇంటికి పోయిన. మీ నాన్న ఒక్కడే ఉండి అన్నం వండుకున్నడు" అంది.

నాన్న లెక్కల్లో ఫిబ్రవరిలో పాలు సగానికి తగ్గడం నేను ముందే చూశాను. కారణం తెలియలేదు. అమ్మ మాటతో తెలిసింది. కొత్తగూడెం, పాల్వంచ ప్రాంతంలో థర్మల్ కేంద్రం ఉద్యోగాల విషయమై జనవరిలో రాజుకున్న నిప్పు మా ఇంటి పాల లెక్కలో కనబడింది. పేజీ ఎడమ వైపుకూ కుడి వైపుకూ మధ్య ఇలాంటి ముడి ఒక్కటి దొరికినా మీరు పడ్డ శ్రమ వృథా కాదు.

ఒక జాగ్రత్త. మన రెండు రాష్ట్రాల్లో పెద్దవాళ్లు 1969 తెలంగాణ ఉద్యమాన్నీ, 1972-73 జై ఆంధ్ర ఉద్యమాన్నీ కలిపి చెబుతారు. రెండిటిలోనూ కాలేజీలు మూతపడ్డాయి, రెండిటిలోనూ కాల్పులు జరిగాయి. ముఖ్యమంత్రి ఎవరని అడగండి. కాసు బ్రహ్మానందరెడ్డి అంటే 1969, పి.వి. నరసింహారావు అంటే తర్వాతిది. పొరపాటు పడ్డారని వాళ్ల ముందు ఎత్తి చూపకండి. విన్నది విన్నట్టు రాసుకుని, తర్వాత సరైన ఏడాదిలో పెట్టుకోండి. ఒక్కసారి కాదు, మూడుసార్లు కూర్చోండి. ముఖ్యమైన మాట మూడోసారే వస్తుంది. మా అమ్మ ఆ నెలంతా నాన్న గురించి ఎంత భయపడిందో మూడోసారే చెప్పింది.

చివరి ఇరవై పేజీలు

నవంబర్ 12న ఇందిరను కాంగ్రెస్ నుంచి బహిష్కరించారు, పార్టీ రెండుగా చీలింది. డిసెంబర్‌లో రెండు కాంగ్రెస్‌లూ వేరువేరుగా, ఒకటి బొంబాయిలో, ఒకటి గుజరాత్‌లో సమావేశమయ్యాయి. డిసెంబర్ 31 పేజీ అడుగున నేను రాసిన ప్రశ్నలు మూడు: అసలు కాంగ్రెస్ ఏది? తెలంగాణ ఏమవుతుంది? బ్యాంకుల కేసులో సుప్రీంకోర్టు ఏమంటుంది?

ఈ ప్రశ్నల కోసమే వెనక పేజీలు. ఆ ఏడాదిలో మొదలై ఆ ఏడాదిలో తేలనివి మాత్రమే అక్కడికి వెళ్లాలి, ఒక్కోదానికి ఒక్క పేజీ, అది తేలిన తేదీ వేసి. బ్యాంకుల చట్టాన్ని 1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు కొట్టేసింది. నాలుగు రోజుల్లో కొత్త ఆర్డినెన్సు వచ్చింది. ఆకుపచ్చ చుక్క పెట్టి ఆ తీగ అక్కడ ముగించాను. తెలంగాణ పేజీలో 2014 జూన్ 2 అని రాశాను. 1969కీ ఆ తేదీకీ మధ్య ఉన్నదంతా వేరే పుస్తకాల పని.

మిగిలిన పేజీల్లో అమ్మ చేత రాయిస్తున్నాను. చేయి వణుకుతుంది, రోజుకు రెండు మూడు వాక్యాలకు మించి రాయలేదు. నిన్న రాసింది మే నెల గురించి, తమ్ముడు పుట్టిన రోజు ఆసుపత్రికి రిక్షా దొరక్క నాన్న ఆమెను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని నడిపించుకుంటూ తీసుకెళ్లడం. నాన్న లెక్కల్లో ఆ రోజు ఏ పద్దూ లేదు.